దేవదూత వీపులో తేనెటీగలు

అక్టోబరు 14, మరియతల్లి ముసుగు పండుగ

రాయి, స్తెఫా. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో నీ పోస్టాఫీసు మర్యాదలు కలపొద్దు.

ఇది ఎవరూ చదవడానికి కాదు. నా చావు మూటలో పెట్టుకోవడానికి. ఆ మూట కట్టి పదకొండేళ్ళయింది, మా ఆయన ఇల్కో చనిపోయిన ఏడు కట్టాను. తెల్ల చొక్కా, నల్ల పావడా, అంచు కుట్టిన తలగుడ్డ, మేజోళ్ళు, మైనపు వత్తి. ఇప్పుడు వాటి మీద ఈ నోటుబుక్కు. నన్ను పెట్టెలో పడుకోబెట్టాక కుడిచేతి కింద పెడతానని స్తెఫా శిలువ ముట్టుకుని ఒప్పుకుంది. పైన తీర్పు చెప్పేవాడికి చదవడం వచ్చు. నాకు రాదు. కింద నా మాట వినే నాథుడు లేడు కనుక కాగితం మీద పెట్టిస్తున్నాను.

నేను తెక్లాను. గుర్రబ్బండి తోలిన ఇల్కో భార్యను. వయసు డెబ్బై తొమ్మిది. ఒంట్లో నోరూ చెవులూ బాగా పనిచేస్తాయి. స్తెఫా నవ్వుతోంది. నవ్వినట్టు కూడా రాయమన్నాను.

నా కేసు ఇది. మా ఊరి చర్చిలో బలిపీఠానికి కుడిపక్క స్తంభం మీద ఒక దేవదూత ఉండేవాడు. లీపా చెట్టు కర్రతో చేసినవాడు. మా తాత తాతకంటే పాతవాడు. మనిషంత ఎత్తు. గాలికి ఎగురుతున్నట్టుండే బంగారు బట్ట, బుగ్గల మీద గులాబి రంగు, ఆకుపచ్చ రెక్కలు. ఒక పాదం మబ్బు మీద, ఇంకోటి గాలిలో. చిన్నప్పుడు ఆయన పడిపోతాడేమోనని నేను ప్రార్థన వినేదాన్ని కాదు, మబ్బు మీదున్న ఆ పాదాన్నే చూస్తూ కూర్చునేదాన్ని.

నలభై ఎనిమిదో ఏడు ఆకులు రాలే రోజుల్లో జిల్లా నుంచి ఎర్ర సర్కారు టోపీల వాళ్ళు వచ్చి చర్చి మూయించి ఎరువుల గోదాము చేశారు. బొమ్మలన్నీ దింపి రొట్టెల భట్టీకి కట్టెలుగా పంపారు. ఆ బండి తోలింది మా ఇల్కో. పట్టపగలు, అందరి ముందూ, ఒకణ్ణి గడ్డి కింద తోసి మా కొట్టంలోకి తెచ్చాడు. రెక్కలు అప్పటికే లేవు. టోపీల వాళ్ళు విరిచారు. చెయ్యి కూడా వాళ్ళే.

ఇంట్లో ఉంచితే సోదాలో దొరుకుతాడు. ఆయన వీపు లోపలంతా డొల్ల. కర్ర పగలకుండా పాతకాలం వాళ్ళు అలా తొలిచేవాళ్ళట. ఇల్కో ఆ డొల్లకు ఒక పలక బిగించి, అడుగున వేలు పట్టేంత దారి తొలిచి, నెత్తిన గడ్డి కప్పు పెట్టి, పెరట్లో మొద్దు మీద నిలబెట్టాడు. ముఖం కొట్టం గోడకి, వీపు లోకానికి. మే నెలలో తేనెటీగల గుంపు వచ్చి దిగింది. అప్పట్నుంచి దారిన పోయేవాళ్ళకి అది తేనెటీగల దుంగ. సోదాకి వచ్చిన ఒకడు దాని తేనె నాకి, పెదవి కుట్టించుకుని పోయాడు. ఆ పెదవి తలుచుకుని ఇల్కో చచ్చేదాకా నవ్వేవాడు.

ఈ వేసవిలో చర్చి మళ్ళీ తెరిచారు. నేను ఫాదర్ దగ్గరికి నడిచి వెళ్ళి, మీ దేవదూత నా పెరట్లో ఉన్నాడు, తీసుకెళ్ళి ఆయన చోట ఆయన్ని నిలబెట్టండి అన్నాను. నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఆయన ఆ స్తంభం ఎక్కడం చూసి పోవాలి. మాటిచ్చాను.

ఎవరికిచ్చావని స్తెఫా అడుగుతోంది. ఆయనకే. ఎందుకిచ్చావని అడుగుతోంది. కలం పట్టినవాళ్ళు అడగకూడదు.

అక్టోబరు 15

నిన్నటిది చదివించుకున్నాను. బాగానే ఉంది. రెక్కలు టోపీల వాళ్ళే విరిచారన్నది ఇంకోసారి రాయమన్నాను.

అక్టోబరు 28

చర్చి సంఘం వాళ్ళు చూడ్డానికి వచ్చారు. ఫాదర్, ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళకి పెద్దగా జెన్కో.

జెన్కో గురించి రాయి. ఇల్కోకి పినతండ్రి కొడుకు. నాకు మరిది వరస. నలభై ఎనిమిదిలో వాడికి ఇరవై నాలుగేళ్ళు, చేతికి ఎర్ర పట్టీ. నిచ్చెనెక్కి, బొమ్మల మెడలకి తాళ్ళు కట్టి దింపింది వాడే. నేను చర్చి వాకిట్లో నిలబడి చూశాను. ఇప్పుడు చర్చి తాళాలు వాడి నడుముకే వేలాడుతున్నాయి. ఆదివారం ముందు వరసలో వాడు పాడితే కిటికీలు అదురుతాయి. ఊళ్ళో ఎవరూ ఆ తాళ్ళ మాట ఎత్తరు. సగం మంది అప్పటికి పుట్టలేదు, మిగతా సగం మంది వాడితో పాటే ఆ తాళ్ళు లాగారు.

చలికి ఈగలు లోపల ముద్దగా ముడుచుకున్నాయి. దుంగని మెల్లగా తిప్పారు. నలభై రెండేళ్ళలో ఆయన ముఖం నేనూ ఇల్కో తప్ప ఇంకొకరు చూడటం ఇదే మొదలు. ఒకావిడ శిలువ గుర్తు వేసుకోబోయి చెయ్యి మధ్యలో ఆపేసింది.

జెన్కో గడ్డి కప్పు ఎత్తి దగ్గరగా చూసి, "వదినా, ఇతనికి ముఖమేదీ?" అన్నాడు.

"నీకు మాత్రం ఉందా?" అన్నాను.

వాడు కప్పు మళ్ళీ పెట్టేశాడు. వాళ్ళకి కనిపించనిది నాకు కనిపిస్తుంది. ఎడమ కన్ను ఎక్కడుందో, పెదవి ఎక్కడ మొదలవుతుందో నా వేలికి తెలుసు. వాళ్ళకి మాత్రం రెక్కల్లేని, కుడిచెయ్యి లేని, ఒళ్ళంతా ఈగల బంకతో నల్లబడ్డ ఒక మొద్దు. బలిపీఠం పక్కన ఇలాంటిది పెడితే పిల్లలు జడుసుకుంటారని ఆడవాళ్ళు గొణిగారు. పట్నంలో సుద్దతో పోసిన కొత్త దేవదూతలు దొరుకుతున్నాయట, జత, రంగులతో సహా.

ఫాదర్ మెత్తటి మనిషి. మ్యూజియానికి ఉత్తరం రాసి, తెలిసినవాళ్ళని అడుగుదాం అన్నాడు. ఆ ఉత్తరం తానైతే ఒక్కరోజులో చేర్చేదాన్నని స్తెఫా అంటోంది. ముప్పై ఏళ్ళు టపా సంచీ మోసినా దాని గొప్పలు తగ్గలేదు.

నవంబరు 9

మ్యూజియం నుంచి సొలోమియా అనే అమ్మాయి వచ్చింది. అమ్మాయంటే నలభై ఉంటాయి. సన్నగా, కళ్ళజోడుతో. బురదలో వెల్లకిలా పడుకుని ఆయన గడ్డం కింద భూతద్దం పెట్టి చూసింది. అలా పడుకున్నందుకే నాకు నచ్చింది. లోపలికి పిలిచి గోధుమ రొట్టె, తేనె పెట్టాను. ఆ తేనె ఎక్కడిదో చెప్తే ముద్ద నోటి దగ్గర ఆగింది. తర్వాత తినేసింది.

ఇంత పనితనం తను రెండు చోట్లే చూశానంది. ఆ మాట ఊరి పెద్దలకి వినపడేలా చెప్పమన్నాను. ఆమె చెప్పలేదు. వేరే మాట అడిగింది.

"అవ్వా, ముఖం దేంతో కడిగేవారు?"

దేంతో కడుగుతారు, ఇల్లు కడిగినట్టే. ఈస్టరు ముందు గురువారం పొయ్యి బూడిద మరిగించి, తేర్చిన నీళ్ళతో. ఈగల పెట్టెలు మేమంతా అలాగే కడుగుతాం. బూడిద నీళ్ళు పోస్తే పురుగు పట్టదు, మైనం చిమ్మట చేరదు. పెట్టె వరకే కడిగి ముఖం వదిలేస్తే బాగుంటుందా? పండగ పూట ఆయనొక్కడే మురికి ముఖంతో ఉండాలా? ముఖం నేనే కడిగేదాన్ని. మెత్తటి నార గుడ్డతో, కంట్లోకి నీళ్ళు పోకుండా.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. కర్ర మీద సుద్ద పూత ఉంటుందట, సుద్ద మీద రంగు, బంగారు రేకు. బూడిద నీళ్ళు పడితే సుద్ద కరుగుతుందట. ఏటా ఒక పొర.

"తాడు కట్టి లాగినవాళ్ళు ఇంత పోగొట్టలేదు అవ్వా," అని మెల్లగా అంది. చెడ్డ మనసుతో అనలేదు. అందుకే తిట్టలేకపోయాను.

నలభై రెండు గురువారాలు. గుడ్డకి గులాబి రంగు అంటితే ఆయనకి ఆరోగ్యమని అనుకునేదాన్ని.

ఇంకొకటి కూడా చెప్పింది. అది ముఖ్యం, సరిగా రాయి. రెక్కలు విరిగినవి కావట. రెక్కలు వేరే చెక్కతో చేసి కర్ర మేకులతో భుజాలకి బిగించారు. పక్కకి నాలుగు, మొత్తం ఎనిమిది. విరిస్తే కన్నాలు చీలేవి. చీల్లేదు. ఎవరో ఒక్కొక్క మేకూ ఓపిగ్గా పీకారు. అంత జాగ్రత్తగా తీసినవాళ్ళు జాగ్రత్తగానే దాచి ఉంటారని ఆమె నమ్మకం. ముఖం పోయినా ఫరవాలేదంది. రెక్కలు దొరికితే బొమ్మ నిండుగా ఉందని కాగితం రాస్తుంది, చర్చిలో పెట్టడానికి ఒప్పిస్తుంది. దొరక్కపోతే శిథిలం కింద రాయాలి. శిథిలాలు మ్యూజియం అటకకి పోతాయి, కాలికి నెంబరు కట్టి.

"వెతకండి అవ్వా. ఇంట్లోనే ఎక్కడో ఉంటాయి," అంది.

నవంబరు 10

ఇల్కో దాచి ఉంటాడు. అంతే. టోపీల వాళ్ళు విరిచారని నేననుకున్నాను, వాళ్ళకంటే ముందే ఇల్కో పీకి దాచి ఉంటాడు.

నవంబరు 13

కొట్టం పైకప్పు కింద వెతికించాను. లేవు.

నవంబరు 21, మిఖాయేలు పండుగ

దేవదూతలకే పెద్దవాడి పండుగ. ఇవాళే జెన్కో సుద్ద దేవదూతల్ని దింపాడు, లారీలో, గడ్డిలో చుట్టి. చూసొచ్చాను. ఇద్దరివీ ఒకే ముఖం. బుగ్గలు బీట్‌రూటు ముక్కల్లా ఉన్నాయి. తట్టి చూశాను, లోపల ఖాళీ డబ్బా చప్పుడు. ఈగలు కూడా చేరవు వీటిలో.

స్తంభాలు మాత్రం ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ఫాదర్ జనవరి దాకా ఆగుదామన్నాడట. తెక్లమ్మ రెక్కలు వెతుకుతోంది కదా అన్నాడట.

డిసెంబరు 4

అటక వెతికాం. స్తెఫా ఎక్కింది, నేను కింద నిచ్చెన పట్టుకున్నాను. పైనుంచి అది, "పెద్దమ్మా, ఇక్కడ పాత జీను, విరిగిన ఊయల, ఎలుకల సంసారం ఉన్నాయి. రెక్కలు లేవు," అంది. ఊయల ముట్టుకోవద్దన్నాను. కిందికి దిగేటప్పుడు మెట్టు తప్పి నా మీద పడింది. ఇద్దరం గుమ్మంలో కూలబడి చాలాసేపు నవ్వాం. తర్వాత నాకు నవ్వు ఆగలేదు. స్తెఫా భయపడి నీళ్ళు తెచ్చింది.

డిసెంబరు 11

నేల పలకలు లేపించాను. లేవు.

డిసెంబరు 19

బావి పక్క తవ్వించాను, మంచు గట్టిపడక ముందు. స్తెఫా, "ఇంకెక్కడ వెతకాలో మీరే చెప్పండి," అంది, గొంతు ఒకలా పెట్టి. దాని గొంతులో ఏముందో నాకు తెలియనట్టు ఊరుకున్నాను.

జనవరి 6, పవిత్ర సాయంత్రం

గోధుమలు ఉడికించి, గసగసాలు నూరి, దుంగ తేనె కలిపాను. ఇది తినకుండా ఈ సాయంత్రం ఇంకేదీ తినం. బల్ల మీద నా గిన్నె, చచ్చినవాళ్ళ గిన్నెలు. ఇల్కోది ఒకటి. ఇంకొకటి చిన్నది. అది రాయొద్దన్నాను. రాసేసింది.

మొదటి చుక్క పొడవగానే పెరట్లోకి వెళ్ళి దుంగ మీద మూడుసార్లు తట్టాను. ఇంట్లో ఏం జరిగినా ఈగలకి చెప్పాలి, చెప్పకపోతే అలిగి పోతాయి. ఇల్కో పోయిన రోజు కూడా మొదట వాటికే చెప్పాను. ప్రభువు పుట్టాడు అన్నాను. చెవి ఆనించాను. లోపల సన్నగా, దూరంగా, పాట ఆపేసిన చర్చిలా మోగుతోంది. రెక్కల సంగతి కూడా చెబుదామనుకున్నాను. చలి ఎక్కువగా ఉంది. వచ్చేశాను.

జనవరి 20

పూజ అయ్యాక అందర్నీ ఉండమన్నారు. చర్చి నేల తడిస్తే ఇప్పటికీ ఎరువు వాసన లేస్తుంది. ఆ వాసనలోనే నిలబడ్డాం. సొలోమియా కూడా వచ్చింది, చేతిలో కాగితాలతో.

రెక్కలు దొరికాయా అని ఫాదర్ అడిగాడు. దొరకలేదన్నాను. దొరకవన్నాను, విరిచినవాళ్ళు ఇక్కడే ఉండగా నా అటక మీద ఎలా దొరుకుతాయన్నాను. నా నోరు అప్పటికే పరుగెడుతోంది. జెన్కో వైపు తిరిగి, తాళ్ళు కట్టిన చేతులతో కొవ్వొత్తులు వెలిగిస్తున్నావు, ఆ రోజు ఏం చేశావో నీ నోటితో చెప్పు, ఈ పిల్లలంతా వినాలి అన్నాను. నలభై రెండేళ్ళుగా ఎవరూ అడగనిది అడిగాను. గెలిచానని అనుకున్నాను.

జెన్కో లేచాడు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు, ముసలాడయ్యాడు వాడు కూడా.

"నిజమే. తాళ్ళు నేనే కట్టాను," అన్నాడు. "ఆకలేసేది. ఎర్ర పట్టీ కట్టుకున్నవాడికి ఒక రొట్టె ఎక్కువిచ్చేవాళ్ళు. పదిమందిని దించాను. ఇల్కో అన్న ఒకణ్ణి గడ్డి కిందికి తొయ్యడం చూశాను. భట్టీ దగ్గర తొమ్మిదే అని లెక్క చెప్పాను, పది అని చెప్పలేదు. దానికి నన్ను మెచ్చుకోమనడం లేదు."

తర్వాత నా వైపు చూడకుండా, నేల వైపు చూస్తూ అన్నాడు.

"చెయ్యి నా తాడుకే విరిగింది. ఆ పాపం నాదే. రెక్కలు మాత్రం ఉన్నాయి వదినా. రెండు రెక్కలూ ఉన్నవాణ్ణే బండి ఎక్కించాను. నా భుజం మీద పెట్టి ఎక్కించాను."

అందరూ నా వైపు తిరిగారు. ఫాదర్ చాలా మర్యాదగా, "అమ్మా, మరి రెక్కలెక్కడ?" అని అడిగాడు.

తలుపు దాకా నడిచాను. వెనక సొలోమియా కాగితం మడిచిన చప్పుడు వినిపించింది.

జనవరి 21

స్తెఫా వచ్చింది. ఈ ముక్క రాయించి పంపేశాను.

ఫిబ్రవరి 3

సుద్దవాళ్ళని స్తంభాలు ఎక్కించారట.

ఫిబ్రవరి 15, ప్రభువు ఎదురు పండుగ

మూడు వారాల్లో ఈ బుక్కులో రెండు ముక్కలకి మించి రాయించలేదు. ఇవాళ స్తెఫాని నేనే పిలిపించాను. కలం మధ్యలో ఆపకూడదు, ఏడవకూడదు, నన్ను ముట్టుకోకూడదు అని ముందే చెప్పాను.

నలభై తొమ్మిది జనవరి. ఇల్కోని అడవిలో దుంగలు తోలడానికి పంపారు, మూడు వారాలకి. ఊళ్ళో కట్టెలన్నీ లెక్క రాసుకుని పట్టుకుపోయారు. చూరు దాకా మంచు. మా ఒనుఫ్రీకి నాలుగేళ్ళు. జ్వరం తగ్గి, మళ్ళీ వచ్చి, మళ్ళీ తగ్గి, ఛాతీలోకి దిగింది. వేడి నీళ్ళ ఆవిరి పట్టాలని మంత్రసాని చెప్పి పోయింది. బల్ల కాల్చాను. కంచె పలకలు కాల్చాను. ఇంటి తలుపు పీకి కాలిస్తే చలికి ఇద్దరం పోతాం. వాణ్ణి ఊపిన ఊయల కాల్చలేకపోయాను, అది కాలిస్తే వాడు పోతాడని భయం.

కొట్టంలో గడ్డి కింద ఆయన పడుకుని ఉన్నాడు.

గొడ్డలి తీసుకునే వెళ్ళాను. ఎత్తలేకపోయాను. ఆయన కళ్ళు అప్పటికింకా నల్లగా ఉన్నాయి. గొడ్డలి పడేసి ఇల్కో పటకారు తెచ్చాను. పళ్ళు పీకినట్టు ఒక్కొక్కటీ ఎనిమిది మేకులు పీకాను. పీకుతూ మాటిచ్చాను. ఇవి అప్పివ్వు, నా బిడ్డని ఉంచు, నిన్ను మళ్ళీ నీ చోట నేను నిలబెడతాను.

లీపా కర్ర తేలిక. గడ్డిలా అంటుకుంది. రెక్కల మీద రంగు కాలుతుంటే మంట పచ్చగా లేచింది, చెరువులో నాచులా పచ్చగా. ఒనుఫ్రీ తల ఎత్తి చూశాడు. "అమ్మా, పచ్చ మంట," అన్నాడు. ఆ రోజంతా వాడన్న మాట అదొక్కటే. వాడు దగ్గడం మానేసి చూస్తూ ఉన్నాడు. నాకు ఎంత సంతోషమైందో ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు మరగక ముందే రెండు రెక్కలూ అయిపోయాయి. మసక పడే వేళకి వాడు పోయాడు.

మేకులు ఎందుకో పొయ్యిలో వెయ్యలేదు. ఉప్పు డబ్బా వెనక పెట్టాను. తర్వాత ఏమయ్యాయో చూడలేదు.

ఇల్కో వచ్చాడు. మొదట బిడ్డ సంగతి చెప్పాను. తర్వాత ఇల్కో కొట్టంలోకి వెళ్ళి వచ్చి, రెక్కలేవి అని అడిగాడు. టోపీల వాళ్ళు వచ్చి విరిచి పట్టుకుపోయారన్నాను. వాడు సరే అన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మొదటిసారి చెప్పడమే కష్టం. తర్వాత నలభై రెండేళ్ళు అది నిజమే. ఈ శీతాకాలం అటకలు వెతికించినప్పుడు కూడా నిజంగానే వెతికాను. ఎక్కడో ఉంటాయని అనుకున్నాను.

దేవదూత తన మాట నిలబెట్టుకోలేదు. ఆయన తప్పాడని నేనూ తప్పాలా? అందుకే కడిగాను, కాపాడాను. కాపాడిన చేత్తోనే ముఖం తుడిచేశాను. ఇదీ నా కేసు. గెలిచే కేసు కాదు.

స్తెఫా కలం ఆపలేదు. ఏడ్చింది. మొదటి పేజీలో టోపీల వాళ్ళ మాట కొట్టేయనా పెద్దమ్మా అని అడిగింది. వద్దన్నాను. అబద్ధం చెప్పింది కూడా నేనే. పైవాడు రెండూ చదువుకోవాలి.

మార్చి 19

ఎండ కాసింది. అందుకే మ్యూజియం వాళ్ళు ఆయన్ని తీసుకెళ్ళడానికి ఇవాళ వచ్చారు. ఈగలు బయటికి ఎగిరే మొదటి వెచ్చటి రోజు దాకా ఆగుతానని సొలోమియా మాటిచ్చింది, ఆగింది. ఊళ్ళో ఈగల పని తెలిసినవాడు ఇంకొకడే, జెన్కో. కొత్త పెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. నేను వాకిట్లో కుర్చీ మీద కూర్చున్నాను. వాడు పలకరించాడు, నేను తల ఊపాను. అంతే.

పొగ పెట్టి, వీపు పలక మేకులు పీకడం మొదలుపెట్టాడు. మొదటిది చేతిలోకి రాగానే సొలోమియా ఆపింది. మేకు ఎండలో పెట్టి తిప్పి చూసింది. తల మీద చిన్న మరక, బంగారం. రెండోది చూసింది. దాని మీద పచ్చ రంగు.

"అవ్వా, ఇవి రెక్కల మేకులు," అంది. "ఈ పలక ఎవరు బిగించారు?"

ఇల్కో బిగించాడు. ఆ వసంతంలో, బిడ్డని పాతిపెట్టిన మూడో నెలలో, ఉప్పు డబ్బా వెనక నుంచి ఎనిమిది మేకులు తీసుకుని. విరిచి పట్టుకుపోయిన రెక్కలకి మేకులు మిగలవు. వాడికి మొదటి రోజే తెలుసు. ముప్పై ఏళ్ళు నా పక్కన పడుకున్నాడు, టోపీల వాళ్ళని నాతో కలిసి తిట్టాడు, నేను ముఖం కడుగుతుంటే నీళ్ళు తెచ్చి పోశాడు. ఒక్కమాట అనలేదు. అంటే ఏమైపోయేదాన్నో వాడికి తెలుసు. ఆ మాట ఒక్కసారి అని ఉంటే బాగుండేదేమో, అది వాడికి తెలియదు.

జెన్కో ఈగల్ని తేనెపట్టుతో సహా పెట్టెలోకి దులిపాడు. రాణి ఈగ దిగిందన్నాడు. ఆయన్ని కంబళ్ళలో చుట్టి వ్యానులో పడుకోబెట్టారు. చీలమండకి చీటీ కట్టారు, గాలిలో ఉండే ఆ కాలికి. మేకులు కూడా వస్తువులోవే కనుక వదలకూడదని సొలోమియా తలవంచుకుని చెప్పింది. ఎన్నున్నాయో లెక్కపెట్టి చెప్పమని జెన్కోని అడిగి, కలం తీసింది.

జెన్కో అరచేతిలో వాటిని అటూ ఇటూ కదిపాడు.

"ఏడు," అన్నాడు.

ఆమె ఏడు అని రాసుకుంది. వ్యాను వెళ్ళాక వాడు పెట్టె భుజానికెత్తుకుని, నా ఒళ్ళో ఎనిమిదోది పడేసి వెళ్ళిపోయాడు.

మార్చి 22

మేకు మూటలో పెట్టించాను, మేజోళ్ళలో. ఈ బుక్కు కూడా ఇవాళ్టితో లోపలికి పోతుంది.

జెన్కో ఇల్లు మాకు మూడు వీధుల అవతల. అంత దగ్గరకి మార్చిన ఈగలు పాత చోటు మరిచిపోవు. నిన్న మధ్యాహ్నం నుంచి వస్తున్నాయి. దుంగ ఉన్న చోట, గాలిలో, దారి ఉండాల్సిన ఎత్తులో తిరుగుతున్నాయి. లోపలికి పోవాలని చూస్తున్నాయి. లోపలంటూ లేదు.

కుర్చీ అక్కడే వేయించుకున్నాను. స్తెఫా శాలువా కప్పింది. వాటికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. మొద్దు మీద మూడుసార్లు తట్టి, ఆయన వెళ్ళిపోయాడు, మీరూ వెళ్ళండి అన్నాను. వినలేదు. ఎండ దిగాక చలికి ఒక్కొక్కటే మొద్దు మీదకి రాలాయి. పక్కన ఎంత చోటున్నా, అన్నీ ఆయన పాదం ఆనిన చోటే.